మాఘం దాకా

యానాం,
1953 నవంబరు 16

అక్కకు,

ఈ ఉదయం బడి గంట తాడు మంచుకు నానిపోయి ఉంది. లాగితే మోచేతి దాకా నీళ్లు కారాయి.

వేణి క్షేమంగా చేరింది. బావగారు దింపి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. మొదటి రోజు నీ కూతురు నా చీర కుచ్చెళ్లు పట్టుకుని తరగతిలోకి వచ్చింది. ఒకటో తరగతి కదా, ఎవరూ నవ్వలేదు.

నువ్వు మా గది చూడలేదు. ఏటివైపు రెండు కిటికీలు. చలికాలం పొద్దున్నే వాటిలోంచి గోదావరి కనిపించదు, తెల్లగా మంచే. పిల్లలు తల్లుల పాత చీరముక్కలు తల మీంచి కప్పుకుని, మెడ వెనక ముడి వేయించుకుని వస్తారు. ఆ ముడులు విప్పడంతోనే నా పొద్దు మొదలవుతుంది. దరియాలతిప్ప నుంచి వచ్చే చిట్టెమ్మది వల ముడి. వాళ్లమ్మ ఏ చేపకోసం వేసిందో, గోళ్లు విరిగిపోతాయి. ఫ్రెంచివాళ్ల ఊరు కదా, గుమ్మంలో అందరూ 'బోంజూర్' అంటారు. గడప దాటాక తెలుగే. పలక చల్లగా ఉంటుందని ఎవరూ ఒళ్లో పెట్టుకోరు. అందుకని ఎండ బాగా పొడిచేదాకా తూర్పు అరుగు మీద ఇసుక పరిచి అక్షరాలు దిద్దిస్తాను. ఎండలో కూర్చున్న పిల్లలు త్వరగా నేర్చుకుంటారు. పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు, చూశాను.

వేణికి అచ్చులు సగం వచ్చు. 'ఋ' రాయమంటే ఇసుకలో కోడి కెలికినట్టు కెలికి నా మొహం చూస్తుంది. ఈ ఏడాది నా దగ్గర నిలబడితే, మరో రెండేళ్లకు కాకినాడ కాన్వెంటులో వేయవచ్చు. ఫిబ్రవరిలో మా బడి వేడుక. ఒకటో తరగతి చేత చిన్న ఆట ఆడించమని తెరేసా సిస్టరు చెప్పారు. మా బడికి ఆవిడే పెద్ద. నువ్వూ బావగారూ రావాలి.

మాటలు నాకు చేతకావని నీకు తెలుసు. నీకు ఎనిమిదో ఏట ఈ పెరట్లోనే పెళ్లి చేశారు. నీ చదువు అంతటితో సరి. నాన్న నన్నూ బడి మాన్పించబోతే నువ్వు మండపేట నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని, "దీన్ని కాన్వెంటులో వేసేదాకా మెతుకు ముట్టను" అన్నావు. "నాకు ఆడపిల్ల పుడితే అదీ చదువుకునే తీరుతుంది" అని కూడా అన్నావు. ఇప్పుడు ఆ పిల్లను నా దగ్గరకే పంపావు. ఎదురుగా ఉంటే చెప్పలేను కనక రాస్తున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది.

అత్తయ్య ఆరోగ్యం బాగుంది. నాన్న తోబుట్టువు కదా, చలికి మోకాళ్లు పట్టేశాయంటూనే ఇల్లంతా తిరుగుతోంది.

నీ చెల్లెలు
సత్యవతి

*

మండపేట,
నవంబరు 29

మా బంగారు సత్యకు అక్క రమణమ్మ వెయ్యి దీవెనలు.

నీ ఉత్తరం మా అత్తగారికి చదివి వినిపించాను. చేప ముడి దగ్గర ముసలావిడ ఒకటే నవ్వు, దగ్గొచ్చేదాకా. ఇక్కడ మిల్లు ముందు ధాన్యం బళ్లు వీధి చివరి దాకా నిలబడ్డాయి. మీ బావకు తినడానికి తీరిక లేదు. మన పిల్లి సరిగ్గా బియ్యం బస్తాల మధ్యే ఈనింది, హమాలీలు అటు వెళ్లం అంటున్నారు.

అది సరే గానీ, వేణిని ఎండలో కూర్చోబెడుతున్నావా? వద్దే తల్లీ! నల్లబడిపోతుంది. అసలే దానిది వాళ్ల నాన్న రంగు. శనగపిండి, పసుపు కలిపి రోజూ రుద్దమని అత్తయ్యతో చెప్పు. జుట్టుకు కత్తెర తగలనివ్వకు. ముందు పళ్లు కదులుతున్నాయేమో చూడు. చెరుకు ముక్క దరిచేరనివ్వకు. మాఘం దాకా ఆ పళ్లు నిలిస్తే అన్నవరం వచ్చి వ్రతం చేయించుకుంటానని మొక్కుకున్నాను.

మీ బడి వేడుకకు రాకపోతే ఎలా? మేమిద్దరమే కాదు, మావాళ్లంతా కదిలేలా ఉన్నారు. అందుకని అడుగుతున్నా, మన పెరటి బావి నీళ్లు ఇంకా తియ్యగానే ఉన్నాయా, ఉప్పదేలాయా? పందిరి వేస్తే ఎంతమంది బంతి పడుతుంది? సన్నాయి వాయించే సూర్యనారాయణ బతికే ఉన్నాడా? పిల్లల ఆటకైనా మేళం ఉంటే నిండుగా ఉంటుందని.

నువ్వు వేళకు తిను. పుస్తకం పట్టుకుంటే నీకు అన్నం గుర్తుండదు. అత్తయ్య మాట విను.

ఇట్లు
నీ అక్క

*

యానాం,
డిసెంబరు 13

అక్కకు,

బావి నీళ్లు తియ్యగానే ఉన్నాయి. పెరట్లో వంద మంది దాకా కూర్చోవచ్చని అత్తయ్య అంది. అడగ్గానే చెప్పింది, ముందే లెక్కవేసుకున్నట్టు. సూర్యనారాయణ ఉన్నాడు. ఇప్పుడు కొడుకు వాయిస్తున్నాడు, ఆయన పక్కన కూర్చుని తప్పులు పడుతున్నాడు. కానీ ఒకటో తరగతి ఆటకు సన్నాయి ఎందుకక్కా? మా ఆటలో ఉన్నది ఒక కుందేలు, ఒక తాబేలు, బోలెడు చెట్లు. వేణి చెట్టు.

నీ మొక్కు తీరలేదు. శుక్రవారం వేణి ముందు పన్ను ఊడింది. చెరుకు వల్ల కాదు. సెబాస్టియన్ అనే కుర్రాడి తలకాయ తగిలి. వాడికి బొప్పి కట్టింది, దీనికి పన్ను పోయింది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత తరగతంతా బయటికి వెళ్లి పన్ను కప్పు మీదికి విసిరి వచ్చాం. చలి మరిచిపోయారు.

తను ఇంకా మందకొడిగానే ఉంది. రాయడం కన్నా మాట్లాడ్డం ఇష్టం. అయితే మధ్యలో మాట ఆపేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పన్ను పోయినందుకు సిగ్గు కాబోలు.

మన ఊరి పిల్లల ఆటలు నీకు గుర్తున్నాయా? మధ్యాహ్నం విడిచిపెడితే చాలు, పెళ్లాటే. ఎందుకుండదు? ఏటా మాఘంలో ఇంగ్లీషు సర్కారు ఊళ్లనుంచి బళ్లు కట్టుకుని దిగుతారు, ఒళ్లో పెళ్లికూతుర్ని కూర్చోబెట్టుకుని. పసిపిల్లల పెళ్లిళ్లు కూడదనే అక్కడి చట్టం మన సరిహద్దు దగ్గర ఆగిపోతుందిగా. ఇంగ్లీషువాళ్లు పోయి ఆరేళ్లయినా జనం ఇంకా ఆ పేరే అంటారు. మా పిల్లలకు మంగళసూత్రం ముళ్లు ఎన్నో తెలుసు, వారానికి రోజులెన్నో తెలియదు. ఆటలో ఇన్నయ్య పురోహితుడు. సెబాస్టియన్ తాను చర్చి పెళ్లి చేస్తానంటాడు. అందులో లడ్డూలు ఉండవని మిగతావాళ్లు ఒప్పుకోరు. మొన్న వేణిని పెళ్లికూతురుగా కూర్చోమన్నారు. "నేను ఆటలో కూర్చోను, నాకు నిజంగా..." అని ఆగి, నోరు మూసుకుని నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. ఆ ఆట దానికి నచ్చకపోవడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నీ కూతురే అనిపించింది.

ఎండ సంగతి: అరుగు మీద నా గొడుగు నీడలో కూర్చోబెడుతున్నాను. మిగతా పిల్లలు దాన్ని దొరసాని అంటున్నారు.

సత్యవతి

*

మండపేట,
1954 జనవరి 3

సత్యా, అమ్మా,

పన్ను ఊడిందని చదివి నేను కూలబడిపోయాను. మీ బావ అయితే కేకలు. "చదువుకి పంపమన్నామా, పళ్లు రాలగొట్టమన్నామా" అని. నిన్ను కాదులే, ఆ తలకాయ వాణ్ని. పక్క పన్నైనా గట్టిగా ఉందా? కొత్త పన్ను రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? నీ పుస్తకాల్లో ఉంటుందేమో చూడు.

మా అత్తగారు ఈ మధ్య మంచం దిగడం లేదు. రాత్రీ పగలూ దగ్గే. కళ్లు మాత్రం గుమ్మం మీదే ఉంటాయి. ఆవిడ కోరిక ఒక్కటే. వేణిని చూడాలి. చూస్తుందిలే.

ఒక పని చెయ్యి. వేణి మణికట్టుకూ కాలి చీలమండకూ దారం చుట్టి, కొలత దగ్గర ముడివేసి పంపు. ఆటకి గాజులూ పట్టీలూ చేయిస్తున్నాం. చెట్టైతే మాత్రం ఏం, బోసిగా నిలబడాలా? పట్టు పరికిణీ కూడా కుట్టిస్తున్నాను.

మీ ఊరు ఇండియాలో కలిసిపోతుందని మిల్లు దగ్గర ఒకటే మాట. ఎప్పుడట? అక్కడ పెద్దవాళ్లను ఎవర్నైనా అడిగి రాయి. మాఘం వెళ్లేదాకా కలవకుండా ఉంటే చాలు దేవుడా.

నీకు అరిసెలు పంపిస్తున్నాను. పిల్లలందరికీ పంచేసి నువ్వు చేతులు కడుక్కోకు.

అక్క

*

యానాం,
జనవరి 17

అక్కకు,

దారాలు ఇందులో పెట్టాను. ఎర్రది చేతికి, తెల్లది కాలికి. కొలుస్తుంటే వేణి కదలకుండా నిలబడింది. మామూలుగా కదలకుండా ఉండే పిల్ల కాదు.

ఊరు ఎప్పుడు కలుస్తుందో ఎవరికీ తెలియదు. సిస్టరును అడిగితే, "నీకు రాజకీయాలెందుకు పిల్లా, చాక్‌పీసులు తెచ్చుకో" అన్నారు. కలిస్తే బడి మూసేస్తారేమో, వేణి చదువు ఆగిపోతుందేమో అని నీ దిగులు. నాకు తెలుసు. బడులు ఎక్కడికీ పోవు. ఒకవేళ పోయినా నేను ఇంట్లో చెబుతాను.

చలి తగ్గలేదు. దీపాలు పెట్టుకుని పడవలు నడుపుతున్నారట, పొద్దెక్కినా. తరగతిలో సగం ముక్కులు కారుతున్నాయి. నా చెంగు ఏ రంగో చెప్పను.

మీరంతా వస్తారని సిస్టరుతో చెప్పాను. ముందు వరసలో రెండు బెంచీలు మీకు ఉంచుతామన్నారు.

సత్యవతి

*

యానాం,
ఫిబ్రవరి 1

అక్కా,

ఈ రోజు పాఠం మధ్యలో చిట్టెమ్మ లేచి నిలబడింది.

"టీచరమ్మగారండీ, వేణి పెళ్లికి మా అందరికీ లడ్డూలు ఇత్తారాండీ, సుట్టాలకేనాండీ?"

నేను నవ్వాను. "ఆట పెళ్లికి లడ్డూలెక్కడివే?" అన్నాను.

"ఆట కాదండీ బాబూ! దశిమి నాడండి. మా నాన్నే పందిరేత్తన్నాడండి. తాటాకులు నిన్నే తోలాడండి, మీ పెరట్లోకేనండి."

"మా అమ్మ పిండి దంచుతోందండి," అన్నాడు ఇన్నయ్య.

"పెళ్లికొడుకుది మూడో తరగతండి. వాడికి సైకిలు కూడా కొన్నారంటండి," అన్నాడు సెబాస్టియన్. వాడి గొంతులో అసూయ.

ఎవరూ వేళాకోళం చెయ్యడం లేదు. వాళ్లందరికీ ఎప్పటినుంచో తెలుసు. నేను వేణి వైపు చూశాను. అది లేచి, కాళ్లు నేలకేసి కొట్టి, "పిన్నికి చెప్పకూడదన్నారుగా! పిన్నికి చెప్పకూడదన్నారుగా!" అని ఏడ్చింది. పెళ్లి అని కాదు. నాకు తెలిసిపోయిందని.

పిల్లలు నా మొహం చూసి గొడవ ఆపేశారు. సుద్దముక్క ఎక్కడ పెట్టానో తెలియలేదు. ఎక్కాలు చెప్పించాను. ఒకటో ఎక్కమే, మళ్లీ మళ్లీ.

ఇంటికి వచ్చి అత్తయ్యను అడిగాను. తాటాకులు నిజంగానే పెరట్లో ఉన్నాయి. పొద్దున చూసి, దొడ్డి కప్పుకి కాబోలు అనుకున్నాను. అత్తయ్య బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నీకు ముందే చెబితే ఒప్పుకుంటావా ఏం? చదువుకున్నదానివి," అంది.

ఇది అబద్ధమని ఒక్క ముక్క రాయి. నమ్ముతాను.

సత్యవతి

*

మండపేట,
ఫిబ్రవరి 5

సత్యకు,

అబద్ధమని ఎలా రాయను?

నువ్వు నా మీద కోప్పడే ముందు ఇది పూర్తిగా చదువు. పిల్లవాడు మా అత్తగారి అన్నగారి మనవడు, పరాయివాడు కాదు. ముసలావిడ వేణి పెళ్లి చూసిగానీ పోనంటోంది. ఇక్కడ చేస్తే కోర్టుకు లాగుతారు. అక్కడికి వచ్చి చేసుకుందామంటే, మీ ఊరు కలిసిపోయాక ఆ దారీ మూసుకుపోతుంది. ఇదే ఆఖరి మాఘం అని మీ బావ పంచాంగం పట్టుకుని కూర్చున్నారు. ఇంట్లో అందరూ ఒక మాట, నేనొక్కదాన్నీ ఒక మాట ఎన్నాళ్లు? నీకు నోరు లేదనుకుంటావు. నాకుందా?

మేం ఊరికే బళ్లు కట్టుకుని బయల్దేరితే ఇక్కడి వాళ్లంతా ఎందుకూ ఏమిటీ అని ఆరా తీస్తారు, పోలీసులకి చేరవేస్తారు. పిల్ల చదువుకని పిన్ని దగ్గరికి వెళ్లిందంటే ఎవరూ మాట్లాడరు. ఆ ఆలోచన మీ బావది. దానికి ఊఁ అన్నది నేను. నీకు చెబితే దాన్ని కాన్వెంటులో దాచేస్తావని భయం. దాచేదానివే, కాదూ?

చదువు సంగతిలో మాత్రం నేను అబద్ధం ఆడలేదు. ఈడొచ్చేదాకా అది నా దగ్గరే ఉంటుంది. శివరాత్రి వెళ్లగానే మళ్లీ నీ దగ్గర దింపుతాను. నా పిల్ల మీద ఒట్టు.

నిన్ను కాన్వెంటులో వేయించింది నేనే కదా. ఆ ఒక్కటి గుర్తుపెట్టుకుని, ఆ రోజు పెరట్లో నా పక్కన నిలబడు.

రమణమ్మ

*

యానాం,
ఫిబ్రవరి 15

అక్కా,

రెండు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. నీళ్లు కావాలా, దీపం ఎక్కడ, తప్ప మనం మాట్లాడుకోలేదు. నీ బండి కదిలాక కాగితం తీసుకున్నాను.

నీ ఉత్తరం అందగానే సిస్టరు దగ్గరకు వెళ్లాను. చెప్పాక ఆవిడ కళ్లద్దాలు తీసి, "తండ్రి తెచ్చాడు, తండ్రి తీసుకెళతాడు. నేనేం చెయ్యను?" అన్నారు. ఆపే అధికారి ఎవరని అడిగాను. ఈ ఊళ్లో అలాంటివాళ్లు లేరు, అందుకే మీరు ఈ ఊరు వచ్చారు. బావగారితో కూడా చెప్పాను, పందిట్లో. ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లి మర్యాదగానే, "నువ్వు చిన్నపిల్లవమ్మా. పుస్తకాలు వేరు, లోకం వేరు. నీ కొలతలకి గాజులు సరిగ్గా సరిపోయాయి, చూశావా?" అన్నారు.

ఎండ, పళ్లు, బావి, బంతి, దారాలు. నువ్వు అడిగిన ప్రతిదానికీ నేను కూర్చుని జవాబు రాశాను. పెళ్లి ఏర్పాట్లు సగం నేనే చేశాను. ఒక్క మాట అడిగి ఉంటే చేసేదాన్ని కాదు. అందుకే అడగలేదు.

శనివారం నేను నీ పక్కన నిలబడలేదు. బడికి వెళ్లాను. మన పెరటి సన్నాయి గదిలోకి బాగా వినిపించింది. సూర్యనారాయణ కొడుకు తప్పులు తగ్గాయి. హాజరు వేస్తూ వేణి పేరు పిలిచాను. పిలవకుండా ఉండలేకపోయాను. "పెళ్లి పీటల మీదుందండీ," అన్నాడు ఇన్నయ్య. కాసేపటికి ఒక్కొక్కరే కిటికీలోంచి చూడడం మొదలుపెట్టారు. లడ్డూలు అయిపోతాయని వాళ్ల భయం. వదిలేశాను. గదిలో సెబాస్టియన్ ఒక్కడే మిగిలాడు. "నేను పోనండి, వేణి చెట్టు కదండీ, ఇప్పుడు చెట్టెవరండీ?" అన్నాడు. ఆ చెట్టు వాడికే ఇచ్చాను.

ఆ ముందురోజు రాత్రి వేణిని అడిగాను, నీకు తెలిసే వచ్చావా అని. తెలిసే వచ్చిందట. "పిన్నికి చెప్పకపోతే పట్టు పరికిణీ ఇస్తామన్నారు. మళ్లీ బడికి రావచ్చన్నారు. రావచ్చుగా పిన్నీ?" అంది. పన్ను లేని నోటితో. రావచ్చన్నాను. ఒట్టు వేసింది నువ్వు. దాన్ని నిలబెట్టు.

సత్యవతి

*

మండపేట,
మార్చి 10

చిరంజీవి సత్యకు,

శివరాత్రి వెళ్లింది. నువ్వు దారి చూస్తూ ఉంటావని తెలిసీ ఆలస్యం చేశాను.

వియ్యాలవారు వద్దన్నారు. పెళ్లయిన పిల్ల పరాయి ఊళ్లో, క్రైస్తవుల బళ్లో, మగపిల్లల పక్కన కూర్చుంటే బాగుండదట. మీ బావ వాళ్ల మాటే తన మాట అన్నారు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. ఈ ఇంట్లో అది ఎవరూ గమనించలేదు. మన నాన్న అయితే గమనించేవాడు.

మా అత్తగారు లేచి తిరుగుతోంది. పెళ్లి చూశాక దగ్గు తగ్గింది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

వేణి పిల్లి పిల్లలను వరసగా కూర్చోబెట్టి హాజరు వేస్తోంది. కొత్త పన్ను మొలిచింది, కొంచెం వంకరగా.

సత్యా, నా చిన్నది వరలక్ష్మికి వచ్చే ఏడు నాలుగు వెళతాయి. దాన్ని నీ దగ్గరే పెడతాను. అప్పటికి మీ ఊళ్లోనూ చట్టం వచ్చేస్తుంది, ఎవరికీ ఏ ఆలోచనా రాదు. దాన్ని నువ్వే చదివించు. ఈసారి నిజంగా. కోపం పోయిందని ఒక్క ముక్క రాయవూ?

నీ అక్క

*

యానాం,
మార్చి 15

అక్కకు,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారమంతా జవాబు రాయలేదు.

మంచు విడిపోయింది. ఈ వారం నుంచి పిల్లలు ముసుగులు లేకుండా వస్తున్నారు. గంట కొట్టగానే పాఠం మొదలుపెట్టగలుగుతున్నాను. బడి వేడుక జరిగింది. తాబేలు మాటలు మరిచిపోయి ఏడ్చింది. మీకోసం ఉంచిన బెంచీల మీద దరియాలతిప్ప వాళ్లు కూర్చున్నారు. సెబాస్టియన్ ఆట అయిపోయాక కూడా చేతులు దించలేదు.

వేణి స్థలంలోకి చిట్టెమ్మ జరిగింది. ఎవరూ జరగమనలేదు. ఒకటో తరగతిలో ఖాళీ ఎక్కువ రోజులు ఉండదు.

కోపం పోయిందా అని అడిగావు. కోపమైతే పోయేది. నీ పాత ఉత్తరాలు మళ్లీ చదివాను. వాటిలో ప్రేమ ఉన్న చోటు ఏదో, పెళ్లి పని ఉన్న చోటు ఏదో విడదీయాలని చూశాను. నాకు చేతకాలేదు. అరిసెలు దేనికోసం పంపావో కూడా తెలియడం లేదు. నన్ను కాన్వెంటులో వేయించిన అక్క, దారాలు అడిగిన అక్క ఒక్కరే అని ఒప్పుకోవడం కష్టంగా ఉంది. నువ్వు ఇరుక్కుపోయావని అర్థమైంది. అర్థం కావడం వేరు.

వరలక్ష్మిని పంపాలనిపిస్తే పంపు. పిల్లని కాదనను. ఎందుకు పంపుతున్నావో నాకు రాయనక్కర్లేదు, నేను ఇక నమ్మలేను. పిల్లలకు తెలిస్తే వాళ్లే చెబుతారు.

వేణితో నేను అడిగానని చెప్పు. 'ఋ' ఇంకా సరిగ్గా రాదు, ఎవరైనా పక్కన కూర్చుని దిద్దించాలి. నీకు వచ్చు కదా.

నవంబరు మొదట్లో నన్ను పాండిచ్చేరికి పిలిచారు. రెండేళ్ల ఉపాధ్యాయ శిక్షణ, అక్కడే ఉండి చదువుకోవడం. సిస్టరు నా పేరు పంపారట. వేణిని పంపుతున్నామని నీ కబురు అదే వారం వచ్చింది. నేను రాలేనని రాశాను. ఆ చోటు వేరే అమ్మాయికి ఇచ్చారు.

సత్యవతి